కంట్రాక్టరు బంగ్లా, నా పదకొండు నిబంధనలు

రైల్వే వర్క్స్ విభాగంలో ముప్పై ఏళ్లకి పైగా ఇన్‌స్పెక్టరుగా చేసినవాడికి పాత ఇల్లు బాగుచెయ్యడం మంచినీళ్లు తాగినంత సులువని మా తెలుగు సంఘంలో అందరూ అనుకున్నారు. నేనూ అనుకున్నాను. నిజం చెప్పాలంటే మా విభాగంలో మేం పాతది ఎప్పుడూ బాగుచెయ్యలేదు. పడగొట్టి, అదే చోట కొత్తది కట్టి, పాతదాని నంబరే దానికీ వేసి ఫైలు మూసేసేవాళ్లం. ఈ ముక్క ఆ రోజు మీటింగులో చెప్పి ఉంటే నా బతుకు హాయిగా ఉండేది. పదిమందీ నా వైపు వేలు చూపించేసరికి ఛాతీ పొంగిపోయి నోరు మూసుకున్నాను.

మేముండే ఉత్తరాది ఊళ్లో పర్సుడీహ్ బజారు దాటి పట్టాల వైపు తిరిగితే వచ్చే ఆ ఇంటిని అందరూ కంట్రాక్టరు బంగ్లా అంటారు. రైలు లైను వేసే రోజుల్లో శ్రీకాకుళం వైపు నుంచి కూలీల్ని తీసుకొచ్చిన తెలుగాయన కట్టుకున్నది. నడుమెత్తు పునాది, ముందు వరండాకి ఎనిమిది ఇటుక స్తంభాలు, పెంకుల కప్పు, లోపల ఎర్రగచ్చు, సున్నం గోడలు. తరవాత అద్దెకున్నవాళ్లు ఒకరి వెనక ఒకరు దాన్ని చావగొట్టి వదిలారు. ఒక గదిలో సిమెంటు బస్తాలు వేశారు, ఇంకో గదిలో మేకల్ని కట్టారు. ఎక్కడో దక్షిణాదిన ఉంటున్న ఆయన మనవరాలు ఇంటిని మా సంఘానికి ఇస్తానంది. రెండు షరతులు పెట్టింది. పాత రూపం చెడకూడదు, పదిమందీ వాడుకోవాలి. పని అయ్యాక పాత కట్టడాల సంగతి తెలిసిన మనిషిని పంపుతాననీ, ఆ మనిషి సరేనంటే కాగితాల మీద సంతకం పెడతాననీ కబురు చేసింది.

ఇక చూడండి, పదిమందీ వాడుకోవాలి అన్న మాట వినగానే పదిమందికీ పది బుద్ధులు పుట్టాయి. ఒకాయన జిమ్ము పెడదామన్నాడు. ఆయన మెట్లెక్కితేనే ఆయాసపడతాడు. ఇంకొకాయన ఏసీ కల్యాణమండపం అన్నాడు. వరండా మూసేసి సంఘానికి ఆఫీసు, ఆఫీసుకి అద్దాల తలుపు, తలుపు మీద పదవుల పేర్లు అన్నారు ముగ్గురు. రెండు గంటలు ఇదే గోల. చివరికి మా ఆవిడ లేచి నిలబడింది.

ఆమె గురించి చెప్పాలి. ఏ బళ్లోనూ పంతులమ్మ కాదు. పదకొండేళ్లుగా ప్రతి ఆదివారం గుడి వరండాలో పిల్లల్ని కూర్చోబెట్టి తెలుగు చదవడం, రాయడం నేర్పుతోంది. ఇరవై ఇద్దరు పిల్లలు. అందరివీ తెలుగిళ్లే. "మీ అమ్మేం చేస్తోందే?" అని తెలుగులో అడిగితే "మమ్మీ బాజార్ గయీ హై" అని హిందీలో చెప్పే రకం. అర్థమవుతుంది, నోటికి రాదు. వాళ్ల చేత ఒక పేజీ చదివించేసరికి మా ఆవిడకి తల ప్రాణం తోకకొస్తుంది. అయినా మానదు. గుడివాళ్లు ఆ వరండాని వంటశాలలో కలిపేస్తున్నారు, ఉగాదికల్లా ఖాళీ చెయ్యమన్నారు. చోటు దొరక్కపోతే పిల్లలు చెదిరిపోతారు, ఒకసారి చెదిరితే మళ్లీ పోగవ్వరు. ఆ భయం ఆమెకి రాత్రీ పగలూ ఒకటే.

"ఇల్లంతా మీరేటి సేసుకున్నా నాకక్కర్నేదు అన్నయ్యగారూ. తూర్పు గది మాత్రం పిల్లలకియ్యండి. ఉగాది దాటితే మాకు కూకోడానికి సోటు నేదు" అంది మా అధ్యక్షుడితో.

మా అధ్యక్షుడు రిటైరయిన గార్డు. నాకు వరసకి బావ. గూడ్సు బండి వెనకపెట్టెలో జీవితమంతా ఒంటరిగా కూర్చున్నందుకో ఏమో, మనుషులు దొరికితే ఆయనకి ఎక్కడలేని హుషారు వస్తుంది. "ఇచ్చీసినాం సెల్లెమ్మా, తూర్పు గది నీదే. మినిట్సులో రాసీండ్రా" అన్నాడు. రాసేశారు. ఆమె ముఖం వెలిగింది. ఆ గదిని ఉగాదికల్లా ఆమె చేతిలో పెడతానని ఇంటికొచ్చే దారిలో నేనూ మాటిచ్చాను.

పనికి సున్నం తెలిసిన మేస్త్రీ కావాలి. ఊరంతా కాళ్లరిగేలా తిరిగాను. సిమెంటు మేస్త్రీలు గల్లీకి పదిమంది ఉన్నారు. సున్నం పేరెత్తితే "అది తాంబూలంలోకి కదా సార్" అన్నాడొకడు. చివరికి బిర్సానగర్‌లో ఒక ముసలాయన దొరికాడు. పర్లాకిమిడి వైపు మనిషి, మాటల్లో ఒడియా తగులుతుంది. డెబ్బై దాటాయి, తాపీ పట్టుకుంటే మాత్రం చెయ్యి వణకదు. ఇల్లు చుట్టూ ఒకసారి తిరిగి, గోడకి అరచెయ్యి ఆనించి చూసి, "సిమెంటు దీని జోలికి రానీకండి బాబూ. లోపలి తడిని బయటికి పోనీదు. రెండు వానలకి పెచ్చులూడిపోతాది" అన్నాడు.

పెరట్లో గొయ్యి తీసి సున్నం నానబెట్టాడు. మూడు వారాలు ముట్టుకోవద్దన్నాడు. కరక్కాయలు దంచి నీళ్లలో వేశాడు, ఆ నీళ్లలో బెల్లం కలిపాడు. ఆ వాసనకి సంఘం పెద్దలందరూ తిరనాళ్లకి వచ్చినట్టు వచ్చారు. "గోడకి పాయసం పెడతన్నావేటి బావా?" అని మా అధ్యక్షుడు, అందరూ నవ్వడం. మర్నాడు చీమలు పట్టాయి. ఆ చీమల్ని చూపించడానికి ఇంకో పాతికమందిని వెంటబెట్టుకొచ్చాడు.

వచ్చినవాడు ఊరికే పోడు కదా. నేలకి మెరిసే టైల్సు వెయ్యమని ఒకరు, కప్పుకి జిప్సం వెయ్యమని ఒకరు. మా బావ అయితే రోజూ పొద్దున్న టీ తాగి సరాసరి వచ్చేవాడు. "ఈ కిటికీలేటి బావా ఇంత పెద్దవి, సగం మూసీ" అనేవాడు. మర్నాడొచ్చి "గాలి రావట్నేదు, కిటికీలు పెంచీ" అనేవాడు. అవే కిటికీలు. నేను తల పట్టుకుంటే మేస్త్రీ పక్కకి తిరిగి నవ్వుకునేవాడు.

నా పట్టుదలంతా ఆ ఎనిమిది స్తంభాల మీద, పునాది మీద ఉంది. లోపల ఇటుక పని చూస్తే కళ్లు చెదురుతాయి, వెంట్రుక దూరని అతుకులు. దాని మీద మాత్రం తెల్లసున్నం, ఎర్ర జేగురు పొరలు పొరలుగా కరుచుకుని ఉన్నాయి. ఇదంతా అద్దెకున్నవాళ్ల నిర్వాకమని నేను తీర్మానించేశాను. మేస్త్రీ ఒకసారి గోటితో గీకి చూసి, "ఇది టికే, కుంచెం పాతదే లాగున్నాది బాబూ, ఒగ్గీరాదా" అన్నాడు. "నాకు తెలీదా?" అన్నాను. ఆయన మళ్లీ ఆ మాట ఎత్తలేదు. తడిగోనెలు చుట్టి, వెదురుబద్దలతో గీకి, కొబ్బరిపీచుతో రుద్ది, ఇద్దరం మూడు నెలలు పడ్డాం. నా బొటనవేళ్లు ఇప్పటికీ చలికాలంలో పీకుతాయి. చివరికి ఇటుక బయటపడింది. సాయంత్రం ఎండ దాని మీద పడితే అక్కడే కుర్చీ వేసుకుని కూర్చుండిపోయేవాణ్ణి.

చూడ్డానికి మనిషి వచ్చే రోజు ఖాయమైంది, ఉగాదికి పది రోజుల ముందు. వరండా కప్పుకి పట్టుగా ఉండే ఇనప బ్రాకెట్లు కొన్ని తుప్పు తినేశాయి, అదే నమూనాలో చేయించడానికి గమ్హరియా వెళ్లాను. అక్కడి ఇనప షాపువాడు నమూనా పట్టుకుని "ఇలాంటివి ఇప్పుడెవడు పెట్టించుకుంటాడు?" అని నన్ను ఎగాదిగా చూడ్డంతోనే ఒక రోజు గడిపాడు. మూడో రోజు ఆదివారం. బ్రాకెట్లు ఆటోలో వేసుకుని మధ్యాహ్నం నాలుగింటికి బంగ్లాకి వచ్చాను.

రైల్వే కాలనీలో పెరిగినవాళ్లకి తెలుసు. పైఅధికారి ఇన్‌స్పెక్షన్‌కి వస్తున్నాడంటే వారం ముందు నుంచీ మాకు ఒకటే పని, చూనా-గేరు. కదలని ప్రతిదానికీ కింద జేగురు, పైన సున్నం పూసెయ్యాలి. చెట్టు మొదళ్లకి, రోడ్డు పక్క రాళ్లకి, కుళాయి దిమ్మకి, ఏదీ మిగలకూడదు. ఒకసారి నిద్రపోతున్న కుక్క తోకకి కూడా పడింది. అధికారి కారు దిగి చుట్టూ చూసి తలాడిస్తాడు. పని బాగుందని అర్థం.

ముప్పైమంది రిటైర్డు మనుషులు బంగ్లా చుట్టూ బకెట్లు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఎనిమిది స్తంభాలూ నడుము దాకా ఎర్రగా, అక్కడి నుంచి పైదాకా తెల్లగా ఉన్నాయి. పునాది మొత్తం జేగురు. నూతి గట్టుకి జేగురు. పెరట్లో ఉన్న మామిడిచెట్టుకి, ములగచెట్టుకి, రుబ్బురోలుకి, మేస్త్రీ సున్నం గొయ్యి చుట్టూ పెట్టుకున్న ఇటుకలకి కూడా జేగురు.

"పైనుంచి అపీసరు వత్తన్నారంటే ఒట్టి ఇటకలు సూపిత్తామేటి బావా? ఇజ్జత్ కీ బాత్ హై! పొద్దున్న పట్టినాం, నాలుగ్గంటలకల్లా ఫినిష్" అన్నాడు మా అధ్యక్షుడు. చెమట, జేగురు కలిసి ముఖమంతా కారుతోంది. పెళ్లికొడుకులా వెలిగిపోతున్నాడు.

నేను అరిచాను. ఏం అరిచానో ఇక్కడ రాయలేను. మూడు నెలలు, రెండు బొటనవేళ్లు, అన్నీ కలిపి అరిచాను. మా బావ మొదట నవ్వాడు, తరవాత నవ్వు ఆపేశాడు. వెనక ఒక ముసలి గ్యాంగుమన్, నా కింద ఇరవై ఏళ్లు పనిచేసినవాడు, కుంచె పట్టుకుని "బాగునేదా బాబూ?" అన్నాడు. నేను ముఖం తిప్పేసుకున్నాను. అందరూ బకెట్లు కడుక్కుని వెళ్లిపోయారు. అప్పుడు వాళ్ల మీద జాలి రాలేదు. ఇప్పుడు తలుచుకుంటే వస్తుంది.

పూత లేని ఇటుక కదా, జేగురు లోపలికి పీల్చేసుకుంది. మనవరాలికి ఫోన్ చేసి, చూసే మనిషిని రెండు నెలలు ఆగి పంపమని అడుగుదామనుకున్నాను. మా ఆవిడ ఫోను మీద చెయ్యి వేసింది.

"రెండు వారాల్లో ఉగాది. గుడివాళ్లు ఆగరు. ఆ ఎర్రరంగు మాకేటి అడ్డమండీ? తూర్పు గది అయిపోనాది గదా. సూసేవాళ్లని రానీండి, మేం పోయి కూకుంటాం."

"ఈ దరిద్రాన్ని చూపించి పరువు తీసుకోమంటావా?"

"పరువు మీది. పిల్లలు నావోళ్లు."

నేను ఫోన్ చేశాను. రెండు నెలలు గడువు దొరికింది. ఉగాది మర్నాడు గుడి వరండా కూలగొట్టారు. పిల్లలు మా ఇంటికి వచ్చారు. మాది రెండు గదుల ఇల్లు. మంచం మీద ఆరుగురు, కింద ఎనిమిదిమంది, వంటింటి గుమ్మంలో మిగతావాళ్లు. నేను స్నానానికి వెళ్లాలంటే గుణింతాల మీంచి దాటి వెళ్లాలి. రెండో ఆదివారానికే ఇద్దరు తగ్గారు. ఒక ఆదివారం వాన, ఒక ఆదివారం ఎవరి ఇంట్లోనో పెళ్లి. రెండు నెలలు తిరిగేసరికి పద్నాలుగురు మిగిలారు. నేను బంగ్లా దగ్గర మేస్త్రీతో స్తంభాలు రుద్దుతున్నాను. సాయంత్రం ఇంటికొస్తే మా ఆవిడ ఇవాళ ఎవరు రాలేదో చెప్పేది. నేను ఎన్ని స్తంభాలయ్యాయో చెప్పేవాణ్ణి.

ఆ పద్నాలుగురిలో బిర్సానగర్ నుంచి వచ్చే ఒక అమ్మాయి ఉంది. తండ్రి గమ్హరియాలో ఫ్యాక్టరీ పని, ఆదివారం స్కూటరు మీద దింపి వెళ్లేవాడు. పదేళ్లుంటాయి. రెండో వాచకం సగానికి వచ్చింది, వేలు పెట్టుకోకుండా చదువుతుంది. ఇంతమందిలో చదవగలిగింది అదొక్కతే అని మా ఆవిడకి ప్రాణం. ఆ పిల్ల చదువుతుంటే పొయ్యి మీద పాలు పొంగిపోయినా లేచేది కాదు.

చూడ్డానికి వచ్చిన మనిషి రాంచీ నుంచి వచ్చిన చిన్న వయసు అమ్మాయి. వీపున సంచీ, చేతిలో చిన్న టార్చి. అప్పటికి ఏడు స్తంభాలు శుభ్రమయ్యాయి, ఎనిమిదోది సగంలో ఉంది. మా బావ దూరంగా, నేను చేసిన అవమానాన్ని మోస్తూ నిలబడ్డాడు. ఆ అమ్మాయి అన్నీ చూసింది, సున్నం గోడలకి మేస్త్రీ చేతులు పట్టుకుని మెచ్చుకుంది. నేను ఇంకా మార్చని ఒక పాత బ్రాకెట్టు దగ్గర ఆగి, దాన్ని ఊడదీయించమంది. ఊడదీశాం. స్తంభానికి నడుము దాకా దింపి బిగించిన ఇనప పలక వెనక, నూరేళ్లుగా ఎండా వానా తగలని చోట, కింద నున్నగా, ముదురుగా జేగురు, పైన సున్నం ఉన్నాయి.

ఆ పలక ఇల్లు కట్టినప్పుడు బిగించింది. దాని కిందకి అద్దెకున్నవాళ్లు వచ్చి రంగు పూసే వీల్లేదు.

"యే తో అసలీ హై, సర్" అంది ఆ అమ్మాయి. మొదటి నుంచీ ఉన్న రంగు ఇదేనట. తరవాత కాస్త మొహమాటంగా, "బాకీ ఆప్‌నే నికాల్ దియా?" అంది. అవును, మిగతాదంతా తీసేసింది నేనే. ఆ కంట్రాక్టరు కూడా రైల్వే మనిషే కదా. తన ఇంటికీ చూనా-గేరు పూయించుకున్నాడు. మేస్త్రీ ఆకాశం వైపు చూస్తున్నాడు. మా బావ నెమ్మదిగా దగ్గరకొచ్చి, ఆ పలక కింద రంగు చూసి, నన్ను చూసి, మళ్లీ దూరంగా వెళ్లి నిలబడ్డాడు. ఏదైనా అని ఉంటే బాగుండేది. భూమి చీలి అందులోకి పోయినా బాగుండేది.

మర్నాడు ముప్పైమందీ మళ్లీ బకెట్లతో వచ్చి స్తంభాలకి, పునాదికి చూనా-గేరు పూశారు. నేనే వెళ్లి పిలిచాను. ఆ గ్యాంగుమన్ దగ్గరికి ముందు వెళ్లాను. ఆ రాంచీ అమ్మాయి తన కాగితంలో పాత రూపం చెడలేదని రాసి, కింద ఒక వాక్యం కలిపింది. గచ్చు గట్టిది, మనుషులు తిరగడానికే వేసింది, ఇక ఆలస్యం చెయ్యకుండా వాడకంలో పెట్టండి అని. సంతకాలు అయిపోయాయి. ఇల్లు మాదైంది.

స్తంభాల దగ్గర జరిగిన పరాభవం నన్ను మార్చలేదు. ఇంకా మొండిగా తయారుచేసింది. బయట ఓడిపోయాను కాబట్టి లోపల గెలవాలనుకున్నాను. తూర్పు గది ఎర్రగచ్చుని మేస్త్రీ చేత కొబ్బరినూనె, పీచు పెట్టి రోజుల తరబడి రుద్దించాను. ముఖం కనిపించేలా తేలింది. గోడలు వెన్నలా ఉన్నాయి. గుమ్మం పక్కన ఒక బోర్డు పెట్టించాను. పదకొండు నిబంధనలు. వర్క్స్ మనిషి చెయ్యి కదా, నంబర్లు వేసి, కింద గీత గీసి మరీ రాశాను. చెప్పులు మెట్ల కిందే విడవాలి. నేల మీద సంచులు ఈడ్చరాదు. కుర్చీలు వేయరాదు. సుద్దముక్కలు వాడరాదు. గోడని తాకరాదు. తక్కినవి నాకే గుర్తులేవు. తాళంచెవి నా దగ్గరే పెట్టుకున్నాను.

మా ఆవిడ పద్నాలుగురు పిల్లల్ని వెంటబెట్టుకుని ఆ ఆదివారం వచ్చింది. పట్టుచీర కట్టుకుంది. ఆదివారం కదా, అందరి తలలకీ తల్లులు నూనె రాసి గట్టిగా దువ్వి పంపారు. నేను మెట్ల మీద నిలబడి ఆ తలల్ని చూశాను. గుడి వరండాలో పిల్లలు ఆనుకు కూర్చునేచోట పదకొండేళ్ల నూనె మరక వరసగా ఉండేది. అదే కళ్లముందు కనిపించింది.

"గోడకి మూరెడు దూరం జరిగి కూర్చోండి. అక్కడ కాదు, ఇంకా ఇటు. తల ఆనించకూడదు. ఆ బాటిల్ బయట పెట్టు. నువ్వు, ఆ పెన్సిలు పొట్టు నేల మీద వేశావేంటి?"

పిల్లలు లేచారు, జరిగారు, మళ్లీ లేచారు. గది మధ్యలో ముద్దగా, ఒకళ్ల మీద ఒకళ్లు పడేలా కూర్చున్నారు. గదంతా ఖాళీ, మధ్యలో పద్నాలుగురు. ఒకడు మోకాళ్ల మీద నుంచి లేస్తూ గోడకి చెయ్యి ఆనించాడు. నేను పరిగెత్తాను. వాడు హడలిపోయి చెయ్యి వెనక్కి దాచుకున్నాడు.

బిర్సానగర్ అమ్మాయి వాచకం తెరిచి చదవడానికి సిద్ధంగా ఉంది. తలెత్తి నన్ను చూసి, వెటకారం ఏమీ లేకుండా, తెలుసుకుందామనే అడిగింది. "అంకుల్, యే మ్యూజియం హై క్యా?"

మా ఆవిడ పుస్తకం మూసేసింది. ఆమె కోపం వస్తే అరిచే మనిషి. ఆ రోజు అరవలేదు. "లేవండమ్మా, ఇంటికెళ్లి సదువుకుందాం" అంది పిల్లలతో. అందరూ బిలబిలమంటూ మెట్లు దిగిపోయారు. ఆమె చివరగా గుమ్మంలో ఆగింది.

"గది ఇమ్మన్నానండీ. మీరు గది సూపించేరు" అంది.

తరవాతి ఆదివారం మా ఇంటికి ఆరుగురు వచ్చారు. మిగతావాళ్లు లెక్కల ట్యూషనుకో, ఇంకెక్కడికో మళ్లిపోయారు. నేను బంగ్లాలో ఉన్నాను. ఊళ్లోవాళ్లు నలుగురైదుగురు వచ్చి, చెప్పులు విడిచి, ఫోన్లతో ఫోటోలు తీసుకుని, చాలా బాగుందని వెళ్లారు. మేస్త్రీ పెంకులు సర్దడానికి వచ్చాడు. "పిల్లలు రారేటి బాబూ?" అన్నాడు. జరిగింది చెప్పాను. గచ్చు గీసుకుపోతుందని, గోడ మరకలు పడుతుందని, నా భయాలన్నీ చెప్పాను.

ఆయన నవ్వలేదు, తిట్టలేదు. "గీసుకుపోతే మళ్లీ రుద్దుతాను. మరక పడితే మళ్లీ సున్నం కొడతాను. నానున్నాను గదా" అన్నాడు. అంతే. నేను మూడు నెలలు ఇటుకతో, రెండు నెలలు జేగురుతో కుస్తీ పట్టి తెలుసుకోలేనిది, రోజూ నా పక్కనే ఉన్న మనిషికి మొదటి నుంచీ తెలుసు. నేను అడగలేదు.

ఆ సాయంత్రమే బోర్డు ఊడదీశాను. మేకులు గోడలో బాగా దిగాయి, నాలుగు చోట్ల సున్నం పెచ్చులు ఊడాయి. తాళంచెవి తీసుకెళ్లి మా ఆవిడకి ఇచ్చాను. తీసుకుని కొంగుకి కట్టుకుంది. మళ్లీ ఆదివారం ఆరుగురితో తూర్పు గదిలో కూర్చుంది. పిల్లలు గోడకి తలలు ఆనించి కూర్చున్నారు, సుద్దముక్కతో నేల మీదే రాశారు. నేను వరండాలోనే ఉన్నాను. లోపలికి రమ్మని ఆమె పిలవలేదు.

పాఠం అయ్యాక రెండో వాచకం ఒకటి నా చేతిలో పెట్టింది. బిర్సానగర్ అమ్మాయిది. ఆ రోజు లేచిపోయే కంగారులో వదిలేసి వెళ్లింది. "ఇచ్చి రండి. మీరే పిలవండి. మీరు పిలిత్తే వత్తాదేమో" అంది. ఆమె గొంతులో ఆశ విని నాకు భయమేసింది.

ఆ ఇల్లు వెతుక్కునేసరికి సాయంత్రం అయింది. తల్లి గుమ్మంలోకి వచ్చి కూర్చోమంది, నీళ్లిచ్చింది. నేను విషయం చెప్పాను. గది ఇప్పుడు పిల్లలదేనని, ఎలాగైనా కూర్చోవచ్చని, గోడకి ఆనుకోవచ్చని, ఏ నిబంధనలూ లేవని, ఒకటికి రెండుసార్లు చెప్పాను.

"బాగుంటాదంట గదా బాబుగారూ ఇల్లు. మా పిల్ల రోజూ సెప్పింది. గానీ అక్కడ కూకోకూడదంట గదా అని ఆదివారాలు టూషనులో ఏసీసినాం. మాటిచ్చీసినాం వాళ్లకి" అంది. మాటలో నిష్ఠూరం లేదు. జరిగినది జరిగినట్టు చెప్పింది.

పిల్ల లోపలి నుంచి వచ్చింది. పుస్తకం అందుకుంది. సగంలో తను పెన్సిలుతో గుర్తు పెట్టుకున్న పేజీ తెరిచి ఒక్క క్షణం చూసుకుంది. పెదాలు కదిలాయి, చదివింది. తరవాత మూసి నా చేతిలో తిరిగి పెట్టేసింది. "ఆంటీ కో దే దీజియే. కిసీ ఔర్ కే కామ్ ఆయేగీ" అంది. ఇంకెవరికైనా పనికొస్తుందట.

"నువ్వు రావేంటమ్మా?" అని అడిగాను.

తల అడ్డంగా ఊపింది. నా ముఖం చూసి పాపం బాధపడినట్టుంది, నన్ను ఊరడించడానికి ఒక మంచి మాట వెతుక్కుంది.

"ఆప్‌కా ఘర్ బహుత్ సుందర్ హై, అంకుల్."

మీ ఇల్లు చాలా అందంగా ఉంది అంది. అది నా ఇల్లు కాదమ్మా, నీదే అని చెప్పాలి. చెప్పడానికే అంత దూరం వెళ్లాను. నాకు నోరు రాలేదు.